గ్యాలన్‌కి 22 సెంట్లు: ప్రైవేట్ జెట్ల పన్ను మీద ఒక లెక్కల మనిషి జవాబు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: అమెరికాలో ప్రైవేట్ జెట్ల ఇంధనంపై పన్ను పెంచి, ఆ డబ్బుతో బస్సులు, రైళ్లు నడపాలని, విమానాశ్రయాల పక్కన బతికే జనానికి ఖర్చు పెట్టాలని కొందరు అంటున్నారు. దీనివల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా, డబ్బున్నవాళ్ల మీద కడుపుమంట తీర్చుకోవడమేనా? పనిలో పనిగా, శని ఆదివారాల్లో చిన్న సెస్నా నడిపే మీ బావగారి మీద కూడా ఈ భారం పడుతుందా?

పద్దెనిమిదేళ్లుగా న్యూజెర్సీలో విమానాల ఇంధన బిల్లులు, వాటి ఎక్సైజ్ పన్ను లెక్కలు చూస్తున్నాను. మూడు నెలలకోసారి ఫారం 720 నింపి పంపడం నా ఉద్యోగంలో పెద్ద భాగం. నేను పైలట్‌ని కాను, పర్యావరణ శాస్త్రవేత్తనీ కాను. బిల్లు మీద ఉన్న అంకె ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోతుంది అన్నదే నాకు తెలిసిన విద్య. ఆ మేరకే చెబుతాను.

ముందు మీరు విన్న ప్రతిపాదన ఏమిటో చూద్దాం. 2023 జులైలో మసాచుసెట్స్ సెనేటర్ ఎడ్ మార్కీ, న్యూయార్క్ ప్రతినిధి నీడియా వెలాజ్‌క్వెజ్ కలిసి ఒక బిల్లు పెట్టారు. దాని పేరులోని మొదటి అక్షరాలు కలిపితే ‘ఫ్యాట్ క్యాట్’ అవుతుంది, అంటే బాగా బలిసిన పిల్లి. పేరు పెట్టినవాళ్ల సరదా ఎవరిమీదో తెలుస్తూనే ఉంది. ప్రైవేట్ జెట్ ఇంధనంపై ఇప్పుడు గ్యాలన్‌కి 22 సెంట్ల దగ్గరున్న ఫెడరల్ పన్నును దాదాపు 2 డాలర్లకు పెంచాలన్నది అందులోని ముఖ్యాంశం. వచ్చిన డబ్బులో కొంత విమానయానానికి ఎప్పటినుంచో ఉన్న ట్రస్ట్ ఫండ్‌కి వెళ్లాలి. మిగతాది స్వచ్ఛమైన బస్తీల పేరుతో కొత్తగా పెట్టే నిధికి వెళ్లాలి. కాలుష్యం ఎక్కువగా మోస్తున్న పేటల్లో గాలిని కొలిచే యంత్రాలు, విమానాశ్రయాల దగ్గర బస్సు మార్గాలు, ప్రయాణికుల రైళ్లు ఆ రెండో నిధి పనులు. బిల్లు ఓటింగ్ దాకా రాలేదు. 2025 జనవరిలో ఆ కాంగ్రెస్ గడువు ముగియడంతో దాని కథా ముగిసింది. ఆలోచన మాత్రం చావలేదు, అందుకే మీ చెవిన పడింది.

2 డాలర్లు అనే అంకె గాలిలోంచి పుట్టలేదు. ఒక గ్యాలన్ జెట్ ఇంధనం, అంటే సుమారు 3.785 లీటర్లు, కాలితే 9.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. టన్నుకి 200 డాలర్ల చొప్పున వెల కడితే గ్యాలన్‌కి సరిగ్గా 1.95 డాలర్లు తేలుతుంది. అన్నట్టు జెట్ ఇంధనం అంటే ఏదో అమృతం కాదు, కిరోసినే. మన చిన్నప్పుడు రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని నిలబడ్డామే, దానికే శుద్ధి చేసిన అక్కగారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పన్ను వేస్తే ప్రైవేట్ జెట్లు ఎగరడం మానేస్తాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

గల్ఫ్‌స్ట్రీమ్ తరహా పెద్ద జెట్ గంటకి 450 గ్యాలన్లు తాగుతుందనుకోండి. అదనపు పన్ను గంటకి 780 డాలర్ల లోపే. అదే విమానాన్ని చార్టర్‌కి, అంటే అద్దెకి, తీసుకుంటే గంటకి 10 వేల నుంచి 14 వేల డాలర్లు అవుతుంది. సొంతదారుకైతే పైలట్ల జీతాలు, హ్యాంగర్ అద్దె, బీమా, ఇంజిన్ మరమ్మతులకని పక్కన పెట్టే డబ్బు అన్నీ కలిపి ఏడాదికి ఎన్నో లక్షల డాలర్లు. ఈ మనిషి 780 చూసి ప్రయాణం మానుకుంటాడా? ఇంకో సంగతి, బయటివాళ్లకి తెలియనిది చెబుతాను. ప్రైవేట్ విమానాలు ఇంధనం పోయించుకునే చోటును ఎఫ్‌బీఓ అంటారు. ఒకే ఊళ్లో, ఒకే రోజు, పక్కపక్కన ఉన్న రెండు ఎఫ్‌బీఓల బోర్డు రేట్ల మధ్య గ్యాలన్‌కి డాలరున్నర తేడా చూశాను. అయినా యజమానికి అలవాటైన లాంజ్, కాఫీ, కారు సరిగ్గా విమానం మెట్ల దగ్గరికే వచ్చే సౌకర్యం ఉన్నచోటే విమానం ఆగేది. ఆ తేడాని పట్టించుకునేది నాలాంటి లెక్కల మనిషి మాత్రమే, మా మాట వినేది ఎవరు?

ఇంతకీ ఈ విమానాల కాలుష్యం చిన్నదేం కాదు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టెఫాన్ గాస్లింగ్ బృందం 2024 నవంబరులో ఒక అధ్యయనం ప్రచురించింది. ప్రపంచంలోని దాదాపు 26 వేల ప్రైవేట్ విమానాల కదలికలను ఒక్కొక్కటిగా లెక్కేసి, 2023లో అవి 1.56 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలాయని తేల్చింది. 2019తో పోలిస్తే 46 శాతం ఎక్కువ. వాటిలో 68.7 శాతం విమానాలు అమెరికాలో నమోదైనవే. నన్ను ఆపేసిన అంకె మరొకటి ఉంది: ప్రయాణాల్లో 47.4 శాతం 500 కిలోమీటర్ల లోపువి. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ, తిరుపతి లాంటి దూరాలు. మనం రాత్రి బస్సెక్కి పడుకుంటే తెల్లారేసరికి తేలే దూరాలు.

మరి పన్ను వల్ల ప్రయాణాలు తగ్గకపోతే ఎందుకు? ఇక్కడే నా అభిప్రాయం చాలామంది ఉద్యమకారులతో కలవదు, వాళ్లను వ్యతిరేకించే పరిశ్రమ వాళ్లతోనూ కలవదు. వాతావరణం సంగతి పక్కన పెట్టినా ఈ పన్ను న్యాయమే. ఎందుకంటే ఇది చాలాకాలంగా వసూలు కాని బాకీ.

అమెరికా ఆకాశంలో విమానాలను నడిపించే వ్యవస్థ ఖర్చులో పెద్ద భాగం 1970లో పుట్టిన ఎయిర్‌పోర్ట్ అండ్ ఎయిర్‌వే ట్రస్ట్ ఫండ్ నుంచి వస్తుంది. రాడార్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, రన్‌వే మరమ్మతుల గ్రాంట్లు, అన్నిటికీ అదే దన్ను. మీరు డెల్టాలోనో యునైటెడ్‌లోనో టికెట్ కొంటే దాని మీద 7.5 శాతం పన్ను, విమానం ఎక్కిన ప్రతి విడతకీ ఇంకో రుసుము (2025లో 5.20 డాలర్లు) ఈ ఫండ్‌కే వెళ్తాయి. ఎయిర్‌లైన్ తన ఇంధనం మీద గ్యాలన్‌కి 4.4 సెంట్లు మాత్రమే కడుతుంది, ఎందుకంటే టికెట్ మీద ముందే కట్టింది. సొంత విమానంలో సొంతంగా తిరిగేవాడికి టికెట్ ఉండదు. మా భాషలో దీన్ని పార్ట్ 91 ప్రయాణం అంటాం. టికెట్ లేదు కాబట్టి టికెట్ పన్నూ లేదు. అతను కట్టేదల్లా ఇంధనంలో కలిసి వచ్చే గ్యాలన్‌కి 21.9 సెంట్లు.

లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్‌కి రెండు విమానాలు బయల్దేరాయనుకుందాం. ఒకటి ఎయిర్‌లైన్‌ది. 180 మంది, సగటు టికెట్ 200 డాలర్లు. 7.5 శాతం అంటే 2,700 డాలర్లు, విడత రుసుము 936, ఇంధనం మీద ఇంకో రెండొందల పైచిలుకు. మొత్తం 3,850 దాకా. రెండోది నలుగురున్న పెద్ద ప్రైవేట్ జెట్. ఐదు గంటలు, 2,250 గ్యాలన్లు. కట్టిన పన్ను 493 డాలర్లు. రెంటికీ అదే దారి, అవే కంట్రోల్ సెంటర్లు, హెడ్‌సెట్లో అదే గొంతు.

ఇప్పుడు 21.9 సెంట్ల బదులు 1.95 పెట్టండి. 2,250 గ్యాలన్లకి 4,387 డాలర్లు. ఎయిర్‌లైన్ కట్టినదానికి దాదాపు సమానం. బిల్లు రాసినవాళ్లు కార్బన్ లెక్కతో వచ్చారు, నేను కంట్రోలర్ లెక్కతో వెళ్లాను. ఇద్దరం ఒకే చోట తేలడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

చార్టర్‌తో పోల్చినా ఇదే కథ. అద్దెకి తీసుకున్న జెట్ కిరాయి మీద కూడా 7.5 శాతం పన్ను ఉంటుంది. గంటకి 12 వేలు కిరాయి అయితే గంటకి 900 డాలర్లు. సొంత జెట్‌కి 450 గ్యాలన్ల మీద 1.95 చొప్పున 878. ఇవాళ మాత్రం అదే సొంత జెట్ గంటకి 99 డాలర్లు కడుతోంది. అద్దె టాక్సీ ఎక్కినవాడికి తొమ్మిదింతల టోలు, సొంత కారువాడికి ఒక వంతు అన్నమాట. మధ్యలో ఇంకో రకం ఉంది, నలుగురైదుగురు వాటాలు వేసుకుని కొనే ఫ్రాక్షనల్ విమానాలు. వాటికి మామూలు ఇంధన పన్నుకు తోడు మరో 14.1 సెంట్లు. అవి కూడా ఈ తూకంలో తేలికే.

ఈ తేడా ఎలా వచ్చిందంటే, టికెట్ పన్ను శాతంలో ఉంది, ధర పెరిగితే అదీ పెరుగుతుంది. విడత రుసుమును ద్రవ్యోల్బణానికి ముడిపెట్టారు. ఇంధన పన్ను మాత్రం సెంట్లలో రాసిపెట్టారు, 1993 నుంచి కదలలేదు. ధరల పెరుగుదల మాత్రమే కలిపినా అది ఈపాటికి 48 సెంట్ల దగ్గర ఉండాలి. ముప్పై ఏళ్ల కిందట ఇంటి అద్దె ఖాయం చేసుకుని, ఇప్పటికీ అదే కడుతున్న కిరాయిదారుడి పరిస్థితి ఇది. ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ అనడం లేదు, అద్దె సవరించమంటున్నారు.

ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాలసీ స్టడీస్ అనే పరిశోధన సంస్థ 2023లో వేసిన లెక్క ప్రకారం, అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ చూసుకునే ప్రతి ఆరు విమాన ప్రయాణాల్లో ఒకటి ప్రైవేట్ జెట్‌ది. ఫండ్‌కి వాటి నుంచి వచ్చేది మాత్రం 2 శాతం. వ్యాపార విమానాల సంఘం దీనికి జవాబు చెబుతుంది, అందులో కొంత నిజమూ ఉంది. ఈ వ్యవస్థను పెద్ద ఎయిర్‌లైన్ల రద్దీ కోసమే కట్టారు, మేం చిన్న విమానాశ్రయాల్లో రద్దీ లేని వేళల్లో దిగుతాం, మా వల్ల అదనంగా అయ్యే ఖర్చు తక్కువ అంటారు వాళ్లు. కాన్సస్‌లో ఏ చిన్న ఊళ్లోనో దిగే విమానం విషయంలో ఒప్పుకుంటాను. అమెరికాలో ప్రజలకు తెరిచి ఉన్న విమానాశ్రయాలు ఐదు వేల దాకా ఉంటే, ఎయిర్‌లైన్లు వెళ్లేవి ఐదొందల చిల్లరే. మిగతా ఊళ్లకి ఈ విమానాలే దిక్కు. కానీ మా పక్కనున్న, ప్రైవేట్ జెట్లు దిగే టెటర్‌బరో విమానాశ్రయం సంగతేమిటి? అది ఇరుక్కున్నది న్యూవార్క్, లగార్డియా విమానాలు దిగే ఆకాశంలోనే. అక్కడ ఒక గల్ఫ్‌స్ట్రీమ్‌ని దారిలో పెట్టడానికి కంట్రోలర్‌కి బోయింగ్‌కి పట్టినంత బుర్రే పడుతుంది. తలకి లెక్కేస్తే మేమే ఎక్కువ కడుతున్నామని కూడా వాళ్లంటారు. నిజమే, నలుగురికి 493 అంటే తలకి 123, ఎయిర్‌లైన్‌లో తలకి 21. రాడార్ తెర మీద మాత్రం తలలు కనిపించవు, చుక్క కనిపిస్తుంది.

ఈ పన్నుని ఒంటిగా చూడకూడదు. కుడిచేత్తో తీసుకున్నది ఎడంచేత్తో ఎంత ఇస్తున్నారో కూడా చూడాలి. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన చట్టం నూరు శాతం బోనస్ డిప్రిసియేషన్‌ని శాశ్వతం చేసింది. అంటే 2025 జనవరి 19 తర్వాత వ్యాపారం కోసం కొన్న విమానం ధర మొత్తాన్ని మొదటి ఏడాదే ఖర్చుగా రాసుకోవచ్చు. 5 కోట్ల డాలర్ల జెట్ కొన్న కంపెనీకి, కంపెనీల పన్ను 21 శాతం చొప్పున, మొదటి ఏడాది కోటీ 5 లక్షల డాలర్ల పన్ను తగ్గుతుంది. అదే జెట్ ఏడాదికి 400 గంటలు ఎగిరితే ఈ బిల్లు వల్ల పడే అదనపు ఇంధన పన్ను 3 లక్షల 11 వేలు. ఆ ఒక్క రాయితీ ఈ పన్నుని 33 ఏళ్లు మోస్తుంది! లెక్కలవాడిగా ఒక మాట ఒప్పుకోవాలి: డిప్రిసియేషన్ మాఫీ కాదు, వాయిదా. ఎలాగూ కొన్నేళ్లలో రాసుకోవాల్సిన ఖర్చునే ముందుకు జరుపుతున్నారు, విమానం అమ్మితే కొంత వెనక్కి కట్టాలి. అయినా 5 కోట్ల మీద ఐదారేళ్ల వాయిదా అంటే ఎంత విలువో బ్యాంకు అప్పు తీసుకున్న ఎవరికైనా తెలుసు.

దీనికి తోడు 2017 పన్ను చట్టంలో మరో చిన్న వాక్యం ఉంది. విమానాన్ని నడిపిపెట్టే మేనేజ్‌మెంట్ కంపెనీకి యజమాని కట్టే రుసుముల మీద టికెట్ పన్ను ఉండదని ఆ వాక్యం. అది రాకముందు ఆ రుసుముల మీద పన్ను పడుతుందా లేదా అని ఏళ్ల తరబడి వాదనలు నడిచేవి. మా ఆఫీసులో దానికోసం ఒక బీరువా నిండా ఫైళ్లు ఉండేవి. ఒక్క వాక్యంతో బీరువా ఖాళీ అయింది. పన్ను చట్టంలో సంఖ్యల కన్నా నిర్వచనాలకే బలం ఎక్కువ అని నేను అప్పుడు నేర్చుకున్నాను.

అందుకే ఇలాంటి బిల్లు మళ్లీ వస్తే నేను రేటు చూడను, మినహాయింపుల పేజీ చూస్తాను. 1990లో ఒక విలాస పన్ను తెచ్చారు. రెండున్నర లక్షల డాలర్లు దాటిన విమానాల ధర మీద 10 శాతం. కానీ వాడకంలో 80 శాతం వ్యాపారానికైతే పన్ను లేదన్నారు. ఇంకేముంది, జెట్ కొన్న ప్రతివాడూ వ్యాపారస్తుడే! అదే పన్ను పడ్డ విలాస పడవలు, చిన్న విమానాలు తయారుచేసే కార్మికులు మా ఉద్యోగాలు పోతున్నాయని గోలపెట్టారు. 1993లో దాన్ని ఎత్తేశారు. వస్తువు కొనేటప్పుడు ఒక్కసారి పడే పన్నును వాయిదా వేసుకోవచ్చు, వేరే దేశంలో కొనుక్కోవచ్చు, కాగితాల మీద పేరు మార్చుకోవచ్చు. ఇంధనం మీద పన్ను అలా కాదు, ఎగిరిన ప్రతిసారీ పంపు దగ్గరే తెగుతుంది. ఆ విషయంలో మార్కీ, వెలాజ్‌క్వెజ్ సరైన చోటే చెయ్యి పెట్టారు.

ఇంధనాన్ని పన్ను తక్కువ ఉన్నచోట నింపుకుని రారా అని మీరడగొచ్చు. దాన్ని ట్యాంకరింగ్ అంటారు. మన దేశంలో ఇది పాత విద్యే. విమాన ఇంధనాన్ని 2017లో జీఎస్టీలో కలపలేదు, రాష్ట్రాల వ్యాట్ కిందే ఉంచేశారు. ఒక రాష్ట్రంలో ఒకటి రెండు శాతం, ఇంకో చోట పాతిక శాతం పైన అన్నట్టు తేడాలుంటే, తక్కువ ఉన్న చోట ట్యాంకు నింపుకుని ఎక్కువ ఉన్న చోట దిగడం ఎయిర్‌లైన్లకి వెన్నతో పెట్టిన విద్య. అమెరికాలో ఫెడరల్ పన్ను అన్నిచోట్లా ఒకటే కాబట్టి దేశం లోపల ఆ ఆట సాగదు. కెనడా నుంచో బహామాస్ నుంచో వచ్చేవాళ్లు ట్యాంకులో మిగిలిన ఇంధనంతో రావచ్చు. 1944 షికాగో ఒడంబడిక 24వ అధికరణం ప్రకారం అలా విమానంలో మిగిలి వచ్చిన ఇంధనం మీద సుంకం వేయకూడదు కూడా. కానీ అదనంగా మోసిన ఇంధనాన్ని మోయడానికే ఇంకాస్త ఇంధనం కాలుతుంది, అందుకని దూరం పెరిగేకొద్దీ ఆ తెలివి కలిసిరాదు. యూరప్‌లో గంట ఎగిరితే రెండు దేశాలు దాటతారు కాబట్టి అక్కడ ఇది పెద్ద తలనొప్పి. ఫ్రాన్స్, బ్రిటన్ ఇంధనాన్ని వదిలి ప్రయాణికుడిని పట్టుకున్నాయి. ఫ్రాన్స్ 2025 మార్చి నుంచి బిజినెస్ జెట్‌లో ఎక్కే ఒక్కొక్కరికి దూరాన్ని, విమానం రకాన్ని బట్టి 210 నుంచి 2,100 యూరోలు వసూలు చేస్తోంది. బ్రిటన్ ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ 2024 అక్టోబరు బడ్జెట్‌లో ప్రైవేట్ జెట్ల ప్రయాణ సుంకాన్ని మరో 50 శాతం పెంచుతామన్నారు. ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. యజమానిని దింపి ఖాళీగా తిరిగొచ్చే విమానానికి తల లేదు, పన్నూ లేదు. ఆ ఖాళీ ప్రయాణంలో కాలిన కిరోసిన్ మాత్రం కాలినట్టే.

ఇక డబ్బు ఎక్కడికి పోతుందన్న సంగతి. నా దృష్టిలో ఈ వ్యవహారమంతా ఇక్కడే తేలుతుంది.

ముందు ఆశలు కాస్త నేలకి దింపుకుందాం. గాస్లింగ్ లెక్కలోని 1.56 కోట్ల టన్నులకీ, ప్రపంచమంతా, టన్నుకి 200 డాలర్లు వసూలు చేసినా 312 కోట్ల డాలర్లు. అమెరికా వాటా అందులో ఒక భాగమే. న్యూయార్క్, న్యూజెర్సీ మధ్య హడ్సన్ నది కింద తవ్వుతున్న రైలు సొరంగం ప్రాజెక్టు ఒక్కటే 1,600 కోట్ల డాలర్లు. కాబట్టి ఈ పన్నుతో దేశమంతా బుల్లెట్ రైళ్లు అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అలాగని ఇది చిల్లర డబ్బూ కాదు. ప్రతి పది కోట్ల గ్యాలన్ల మీద అదనంగా 17 కోట్ల 30 లక్షల డాలర్లు వస్తాయి. ఒక ఎలక్ట్రిక్ సిటీ బస్సు పది లక్షల డాలర్ల దగ్గర పడుతోంది, అంటే 170 బస్సులు. గాలి కొలిచే పరికరాలకైతే ఇందులో పిసరంత చాలు.

ఆ పరికరాలు ఎందుకంటే, విమానాశ్రయం చుట్టూ గాలి పాడయ్యే దూరం మనం ఊహించిన దానికన్నా ఎక్కువ. 2014లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం దగ్గర పరిశోధకులు గాలివాటున ఊళ్లోకి కొలుచుకుంటూ పోతే, పదహారు కిలోమీటర్ల అవతల కూడా అతి సూక్ష్మ కణాలు మామూలు కన్నా రెండింతలున్నాయి. ఆ గాలి కింద ఉన్నది డబ్బున్నవాళ్ల బెవర్లీ హిల్స్ కాదు. ఇంగిల్‌వుడ్, లెనాక్స్ లాంటి కష్టజీవుల పేటలు. అది పెద్ద ఎయిర్‌లైన్ల విమానాశ్రయం, నిజమే. కానీ ప్రైవేట్ జెట్ల విమానాశ్రయాలకి ఇంకో దుర్గుణం ఉంది, అవి ఊరికి ఆనుకునే ఉంటాయి. ఊళ్లోకి పావుగంటలో చేరాలన్నదే వాటి ఆకర్షణ.

పన్ను కన్నా గట్టిగా పనిచేసింది ఏమిటో తెలుసా? లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాంటా మోనికాలో రన్‌వేనే కోసేశారు. నగరానికి, ఎఫ్ఏఏకి 2017లో కుదిరిన ఒప్పందం ప్రకారం 4,973 అడుగుల రన్‌వేను ఆ ఏడాది చివర్లో 3,500 అడుగులకు కుదించారు. 2028 చివరి తర్వాత విమానాశ్రయాన్నే మూసేయొచ్చు. పొట్టి రన్‌వే మీద పెద్ద జెట్లు దిగలేవు, పక్కింటివాళ్లకి నిద్ర పట్టింది. ఆ జెట్లు ఎగరడం మానాయా అంటే, లేదు. లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ విమానాశ్రయం లాంటి చోట్లకి వెళ్లాయి. ఒక పేట గొడవ ఇంకో పేట నెత్తిన పడింది. అందుకే ఊరూరా చేసే పోరాటానికి, కాంగ్రెస్ చేసే చట్టానికి తేడా ఉందంటాను.

ఆ తేడా డబ్బు విషయంలో ఇంకా గట్టిది. ‘వాషింగ్టన్‌లో ఎవరు చేస్తారు, న్యూజెర్సీయే తన సొంత జెట్ ఇంధన పన్ను వేసి బస్సులకివ్వచ్చుగా’ అని మిత్రులు నన్ను అడుగుతుంటారు. ఇవ్వడానికి వీల్లేదు. 1987 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, ఆ తర్వాత రాష్ట్రాలు, నగరాలు విమాన ఇంధనంపై కొత్తగా వేసే పన్ను విమానాశ్రయాలకీ, రాష్ట్ర విమానయాన పథకాలకీ, విమానాల శబ్దం తగ్గించే పనులకీ తప్ప వేరే దేనికీ వాడకూడదు. 2014లో ఎఫ్ఏఏ దీన్ని మరింత బిగించింది, మామూలు అమ్మకం పన్నులో ఇంధనం వాటా కూడా దీని కిందికే వస్తుందని. అప్పుడు చాలా రాష్ట్రాల ఖజానాలు ఉలిక్కిపడ్డాయి. కాబట్టి జెట్ ఇంధనం డబ్బు బస్సు దాకా రావాలంటే ఒక్క కాంగ్రెస్సే తలుపు తీయగలదు. బిల్లులో ‘కొత్త నిధి’ అనే మాట అలంకారం కాదు, దాని ప్రాణమే అది.

ఇలా ఒక ఇంధనం డబ్బు ఇంకో వాహనానికి ఇవ్వడం ఎక్కడా లేని వింతా కాదు. 1982లో రీగన్ హయాంలోనే పెట్రోలు పన్ను పెంచి అందులో గ్యాలన్‌కి ఒక సెంటు సిటీ బస్సులకీ, మెట్రోలకీ కేటాయించారు. ఇవాళ 18.4 సెంట్లలో 2.86 సెంట్లు అటే పోతాయి. కారు నడిపేవాడి డబ్బుతో బస్సు నడుస్తోంది, నలభై ఏళ్లుగా. ఫ్రాన్స్ 2006లో విమాన టికెట్ల మీద చిన్న సుంకం వేసి, ఆ డబ్బుతో యూనిట్‌ఎయిడ్ అనే సంస్థ ద్వారా పేద దేశాలకి హెచ్ఐవీ, క్షయ, మలేరియా మందులు కొనిపించింది. అందులో మన భారతీయ కంపెనీల జెనరిక్ మందులూ ఉన్నాయి. ఏ డబ్బు ఎవరికి చేరిందో వేలు పెట్టి చూపించగలిగారు కాబట్టి ఆ సుంకం నిలబడింది. అదే ఫ్రాన్స్‌లో 2025 పెంపు బడ్జెట్ లోటు మాటల మధ్య వచ్చింది. అక్కడి మామూలు ప్రయాణికుడు ‘ఇది ఎవరికోసం’ అని విసుక్కుంటే తప్పు పట్టలేం. డబ్బు పెద్ద చెరువులో కలిసిపోతే ఏ పంట తడిసిందో ఎవరూ చెప్పలేరు.

అందుకే బస్తీల కోసం పెట్టే ఆ రెండో నిధికి ఎంత శాతం వెళ్లాలో చట్టంలోనే రాయాలి, ఏటేటా కమిటీల దయకి వదలకూడదు. రేటు ఎంతైనా సరే, ద్రవ్యోల్బణానికి ముడిపెట్టాలి. లేకపోతే 1993 కథే మళ్లీ. అంబులెన్స్ విమానాలకీ, పొలాలకి మందు చల్లే విమానాలకీ మినహాయింపు ఉండాల్సిందే, ఇప్పుడూ ఉంది. అడవి నరుకుడుకీ, చమురు వెతుకులాటకీ ఇప్పుడున్న మినహాయింపులు పోవాలన్న బిల్లు మాట కూడా సబబే. అవి ఏ కాలంలో ఎవరి మొహమాటం కోసం పెట్టారో కానీ, ఆ క్రెడిట్ ఫారాలు నింపే ప్రతిసారీ నాకు చేతికి జిడ్డు అంటినట్టుంటుంది.

పరిశ్రమవాళ్లు పచ్చ ఇంధనం పేరు చెప్పి పన్ను వద్దంటారు. వాడిన నూనె, మొక్కజొన్న వగైరాలతో చేసే ఆ ఇంధనాన్ని ఇప్పటి ప్రమాణాల ప్రకారం మామూలు కిరోసిన్‌లో సగం దాకా మాత్రమే కలపొచ్చు. అసలు దొరకడమే తక్కువ. దొరికిన చోట వాడనివ్వండి, ఆ మేరకు కార్బన్ లెక్కలో తగ్గింపు ఇవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కంట్రోలర్ జీతం మాత్రం విమానం ఏ నూనెతో ఎగిరినా ఒకటే.

ఇక మీ బావగారి సెస్నా. ఆయన నిశ్చింతగా ఉండొచ్చు. అది జెట్ కాదు, కిరోసిన్ తాగదు. చిన్న పిస్టన్ ఇంజిన్ విమానాలు తాగేది ఏవ్‌గ్యాస్, ఒక రకం పెట్రోలు. దాని మీద పన్ను వేరే పద్దు, 19.4 సెంట్లు. ఈ బిల్లు గురి అది కాదు. ఆయనకి వచ్చే తలనొప్పి వేరే ఉంది, సీసం. ఏవ్‌గ్యాస్‌లో ఇప్పటికీ సీసం కలుపుతారు. కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్లు ఎందరో ఉండే శాంటా క్లారా కౌంటీలో, శాన్ హోసే నగరంలో రీడ్-హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయం ఉంది. దాని చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా ఉందని 2021లో తేలింది, కౌంటీ 2022 జనవరి 1 నుంచి అక్కడ సీసం ఇంధనం అమ్మకం ఆపేసింది. 2023 అక్టోబరులో పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా అది ప్రజారోగ్యానికి ప్రమాదమని అధికారికంగా ప్రకటించింది. 2024 ఎఫ్ఏఏ చట్టం ప్రకారం, 2022లో పాత ఇంధనం అమ్మిన విమానాశ్రయాలు దాన్ని 2030 చివరి దాకా, లేదా సరైన సీసం లేని ఇంధనం అందుబాటులోకి వచ్చేదాకా, అందుబాటులో ఉంచాలి. ఈలోపు సీసం లేని రకం తన ఇంజిన్‌కి సరిపడుతుందో లేదో మీ బావగారిని మెకానిక్‌ని అడగమనండి. పన్ను గురించి అయితే ఆయన నాకు ఫోన్ చేయక్కర్లేదు.